బండ కింద సున్నం

నా కుడిచేతి మధ్యవేలి కణుపు మీద ఒక మచ్చ ఉంది. అడిగినవాళ్ళకు ట్రాక్టర్ ఫ్యాన్ బెల్టు కోసిందని చెప్తాను. మా ఆవిడకూ అదే చెప్పాను. అది పంటిగాటు. ఒక మనిషి పన్ను విరిగి నా వేలిలో దిగబడింది. ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది నేను. పదేళ్ళుగా ఈ సంగతి నా ఒక్కడికే తెలుసు. దీన్ని కడుపులో పెట్టుకొనే అన్నం తిన్నాను, పెళ్ళిళ్ళకు పోయాను, ఊళ్ళో తగాదాలొస్తే పెద్దమనిషిగా అరుగెక్కి కూర్చొని పదిమందికీ నీతులు చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్ణి కాదు. తెలిసినవాళ్ళకు చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచి, మూడుసార్లూ వానల గురించి మాట్లాడి ఊరుకున్నాను. నా పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. పిరికితనమే, దానికి ఇంకొక పేరు పెట్టను. పులివెందులలో సింహాద్రిపురం బస్సెక్కి, నడుమలో దిగి, కొండల వైపు నడిచి వస్తే మా ఊరు. ఆ మనిషి పేరు మాత్రం చెప్తాను. ఓబులేసు. మా వైపు వీధికి ముగ్గురు ఓబులేసులుంటారు కాబట్టి ఫరవాలేదు.

మా ఊరి పైన రెండు కొండల నడుమ ఒక కుంట ఉంది. కొండల్లో కుంట మైదానంలో చెరువులాంటిది కాదు. వాన పడితే రెండు కొండల నీళ్ళూ ఒక్క గంటలో వంకలో పడి వస్తాయి. వస్తూ వస్తూ కొండను గీక్కొని వస్తాయి. ఆకులు, పెంటికలు, ఎర్రమన్ను, చచ్చిన ఉడుములు, అన్నీ. అదంతా అడుగున పేరుకుంటుంది. ఏడెనిమిదేళ్ళకొకసారి ఆ పూడిక తీయకపోతే కుంట పళ్ళెమైపోతుంది. తీసిన బురద మా పొలాలకు ఎరువు. అందుకని పూడిక తీసే యేడు ఊళ్ళో పండగలాగే ఉంటుంది, కొట్లాటలూ అట్లాగే ఉంటాయి.

ఆ పూడిక కింద రెండడుగుల మందాన నల్లటి జిగట మన్ను ఉంటుంది. అది దానంతటది వచ్చింది కాదు. ఎప్పటివాళ్ళో ఎక్కడినుంచో మోసుకొచ్చి పరిచి, నీళ్ళు చల్లి, గొర్రెల మందలను దినాల తరబడి దాని మీద తిప్పి తొక్కించారట. దాని కింద అంతా గరుసు, గులకరాళ్ళు కలిసిన మన్ను. గరుసులో నీళ్ళు నిలవవు. పైన జిగట ఉన్నంత కాలమే కుంట కుంట. ఈ సంగతి వెనకటివాళ్ళకు తెలుసు, తమ మనవళ్ళ ఆశ సంగతి కూడా తెలుసు కాబోలు. జిగట మీద నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, మొత్తం ఐదు నాపబండలు పరిచిపెట్టారు. పూడిక తీసేవాడికి బండ తగిలితే అక్కడికి ఆపాలి. ఆ తర్వాత ఒక్క పార కూడా వేయకూడదు.

ఆ బండలు ఎక్కడున్నాయో కనిపెట్టే పని ఓబులేసుది. ఆయన మా ఊరి నీరుగంటి. కుంట నీళ్ళ మంచిచెడ్డలు ఆయన తాత, తండ్రి చూశారు, తర్వాత ఆయన చూశాడు. పూడిక తీసే ముందు ఒక్కడే కుంటలోకి దిగి వట్టి కాళ్ళతో తిరిగేవాడు. అడుసు కింద ఏముందో ఆయన అరికాలు చెప్పేది. ఆగిన చోట గడ్డపార దించితే టంగుమనేది. గుంత తవ్వి, బండ ఎత్తి కడిగి, దాని చోటులోనే దాన్ని మళ్ళీ పెట్టి, పసుపు పూసి, టెంకాయ కొట్టి, గుర్తుకు ఒక వేపకొమ్మ నాటి పైకి వచ్చేవాడు. ఆయన మా నాయన కంటే రెండేళ్ళే చిన్న. నేను పదేళ్ళ వయసు నుంచి ఆయన్ని 'రేయ్ ఓబులేసూ' అనే పిలిచాను. ఆయన నన్ను 'అప్పా' అనేవాడు. మా వైపు అది మామూలు. ఇది రాసేటప్పుడు మాత్రం 'ఆయన' అని రాస్తున్నాను. చూశారా, కాగితం మీద మర్యాద ఎంత తొందరగా వస్తుందో.

రాష్ట్రం రెండుగా చీలిన తర్వాత రెండో ఎండాకాలం అది. నాకు ముప్పైనాలుగేళ్ళు. నాలుగెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, ఎర్ర గరుసు నేల. రెండు బోర్లు ఎండిపోయాయి. చెట్లు ఐదో యేటికి వచ్చి, కాపు పట్టాల్సిన వేళ ఆకులు పసుపుపచ్చబడి రాలుతున్నాయి. కుంట మన్ను తోలితే బతుకుతాయని నాకు ఒకటే పిచ్చి. కుంట అడుగును మేము వంతులేసి పంచుకుంటాం. ఎవరి వంతులో మన్ను వాళ్ళది. ఆ యేడు వంక వచ్చి పడే మూల మాకు వచ్చింది. పని మీద పెత్తనం కూడా ఊరి పెద్దగా మా నాయన నాకే ఇచ్చాడు. ప్రొద్దుటూరు నుంచి జేసీబీ వచ్చింది, జమ్మలమడుగు నుంచి మా బావమరిది చంద్ర తన రెండు ట్రాక్టర్లు తోలుకొచ్చాడు.

ఓబులేసు ఐదు బండలూ చూసి, కొమ్మలు నాటి, వల్లూరు దగ్గర ఎవరో చుట్టాలు పోయారని రెండు దినాలకు వెళ్ళాడు. మిగతా మూలల్లో మనిషి లోతు పూడిక ఉంది. నా మూలలో నడుము లోతు కూడా లేదు. వంక ఉరవడికి అక్కడ మన్ను నిలవలేదు. నా వంతు ఒక్క పూటలో అయిపోతుంది. ఆ మాట నాకు మంటెత్తించింది. అందరికీ గంపలు గంపలు, నాకు గుప్పెడా?

మధ్యాహ్నం జేసీబీ అతనూ, ట్రాక్టర్ల వాళ్ళూ అన్నానికి పోయారు. నేను పోలేదు. నా మూలలో వేపకొమ్మ పీకి, గడ్డపార బండ కిందికి దూర్చి పక్కకు దొర్లించాను. కింద నల్లటి మన్ను. వెన్నలాగా ఉంది. ఇంత మంచి మన్నును ఏ పిచ్చోడు వదులుకుంటాడు అనుకున్నాను. రెండడుగులు తవ్వాను. బండను ఆ గుంతలోకి జార్చి, పైన మన్ను కప్పి, కొమ్మ మళ్ళీ నాటాను. తవ్వేటప్పుడు పారకు తెల్లటి గడ్డలు కొన్ని తగిలాయి. ఏవో సుద్దగడ్డలనుకొని మన్నుతో పాటు విసిరేశాను. మొత్తం పని గంట కూడా పట్టలేదు. కంచే చేను మేయడానికి ఎంతసేపు కావాలి?

సాయంత్రానికి జేసీబీ బండ తగిలేదాకా తవ్వింది. నా మన్ను నలభై ట్రాలీలు నా తోటకు పోయింది.

మూడో నాడు ఓబులేసు వచ్చి కుంటలో దిగాడు. నా మూలకు వచ్చి నిలబడ్డాడు. కాలి వేళ్ళతో నేలను గీకాడు. "ఈడ లోతు ఎక్కువుండే" అన్నాడు. బండ తగిలిందాకానే కదా తవ్వింది, కళ్ళు కనపడలేదా అన్నాను. ఆయన బండ మీదికి ఎక్కి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆ నిమిషంలో ఆయన బండను నమ్మాడు, తన కాలును నమ్మలేదు. నేను చేసిన మొదటి హత్య అదేనేమో. రక్తం రాలేదు కాబట్టి నాకప్పుడు తెలియలేదు.

ఆగస్టులో గట్టి వాన పడింది. కుంట నిండి మరవ, అంటే అలుగు, పారింది. పదేళ్ళ తర్వాత మరవ మీదుగా నీళ్ళు పారడం చూసి ముసలివాళ్ళు ఏడ్చారు. పొట్టేలును తెగ్గోసి కట్ట మీద రక్తం చల్లారు. ఊరంతా తిన్నాం. ఓబులేసుకు కొత్త పంచె కప్పారు. కప్పింది నేనే.

తొమ్మిదో రోజు పొద్దున గొర్రెలు తోలుకుపోయినవాళ్ళు అరుచుకుంటూ వెనక్కి వచ్చారు. ఊరు ఊరంతా కట్ట ఎక్కింది. కుంటలో మోకాటి లోతు నీళ్ళు కూడా లేవు. ఆ మిగిలిన కాసిన్ని నీళ్ళు నా మూలలో గుండ్రంగా తిరుగుతూ భూమిలోకి పోతున్నాయి. దాహంతో ఉన్న మనిషి తాగినట్టు గుటగుటమని చప్పుడు. దాని చుట్టూ మనుషులు నోళ్ళు తెరుచుకొని నిలబడ్డారు. నాకు ఆ చప్పుడు వినగానే అంతా అర్థమైంది. పారిపోదామా అనిపించింది కూడా.

"ఈ మూల లోతు పొయ్యింది. ఎవురు సూపిచ్చింది?" అని ఎవరో అరిచారు. ఓబులేసు అని ఇంకెవరో అన్నారు. నేను అనలేదు. నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు.

చొక్కా పట్టి ఈడ్చుకొచ్చారు ఆయన్ని. వెనక ఆయన కూతురు లక్షుమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. పెండ్లాం పోయాక ఆయనకు మిగిలింది ఆ పిల్లే, అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయి. ఓబులేసు ఎవరినీ పట్టించుకోలేదు. బురదలోకి దిగి నా మూలకు పోయి బండ మీద నిలబడ్డాడు. వంగి చేత్తో బండ అంచు తడిమాడు. అప్పుడు తలెత్తి మా నాయన వైపు చూశాడు.

"ఈ బండ నేను పెట్టిన కాడ లేదు సామీ. ప్రతి బండ కిందా నేను పిడికెడు సున్నం పోస్తా. మా నాయన నేర్పిచ్చినాడు, ఎవురికీ చెప్పొద్దన్యాడు. ఆ నాలుగూ ఎత్తి సూడండి, సున్నం ఉంటాది. ఇది ఎత్తండి, ఉండదు. ఎవురో జరిపినారు."

తెల్లటి గడ్డలు. నా పార మీద నుంచి జారిపడిన తెల్లటి గడ్డలు నా కళ్ళ ముందుకొచ్చాయి. ఎవరూ నా వైపు చూడలేదు. ప్రమాణం చేసి చెప్తున్నాను, ఒక్కరు కూడా చూడలేదు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు నేనే కట్ట మీంచి దూకాను. బురదలో నాలుగంగల్లో ఆయన దగ్గరికి పోయి, "తప్పు జేసి ఊరి మీద ఏస్తావురా" అని నోటి మీద గుద్దాను.

పన్ను విరిగిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టే ఉంటుంది. నా వేలు కాలింది. ఆయన వెల్లకిలా బురదలో పడ్డాడు. నోటి నిండా రక్తం, ఆ రక్తంలోంచే ఇంకా 'సున్నం' అంటున్నాడు. ఆ మాట ఎవరికీ సరిగ్గా వినపడకూడదు. నేను ఆయన గుండెల మీద మోకాలు పెట్టి మళ్ళీ గుద్దాను. దవడ పక్కకు జరిగింది. చేతికి తెలిసింది. ఇంక మాట రాలేదు, గాలి మాత్రం వచ్చింది.

నేను మొదలుపెట్టాను, అంతే. ఆ తర్వాత నా అవసరం లేదు. మా వైపు మనుషులకు కోపం తొందరగా వస్తుందని అంటారు. అది అబద్ధం. కోపం తొందరగా రాదు, చాలా కాలంగా అక్కడే ఉంటుంది. ఎండిన బోర్లు, చచ్చిన చెట్లు, ట్యాంకర్ దగ్గర బిందెల కొట్లాటలు, అన్నీ లోపల కుక్కి పెట్టుకొని ఉంటారు. నేను వాళ్ళకు ఒక మనిషిని చూపించాను. చంద్ర పారకట్టెతో నడుము మీద కొట్టాడు. ఎవరో జుట్టు పట్టి ముఖాన్ని బురదలో తొక్కారు, ఊపిరాడక కాళ్ళు కొట్టుకుంటే లేపి మళ్ళీ తొక్కారు. ముందురోజు దాకా ఆయన్ని 'ఓబులేసు మామా' అని పిలిచిన ఒక ఆడమనిషి కట్ట మీంచి రాయి విసిరింది. తల పగిలింది. లక్షుమ్మ వచ్చి తండ్రి మీద అడ్డం పడింది. ఆ పిల్లను జడ పట్టి ఈడ్చి పక్కకు పారేశారు. చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆ పేరు రాసే హక్కు నాకు లేదు. నా లెక్కే తేలలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. ఇక్కడిదాకా వచ్చి రెండుసార్లు కాగితం చింపేశాను.

ఆయన కదలడం మానేశాడు. బతికే ఉన్నాడు. ఇంక నాకు భయం లేదు, ఆయన మాట్లాడలేడు. అక్కడితో ఆగొచ్చు. అందరూ కూడా ఆయాసపడి కొంచెం వెనక్కి తగ్గారు. అప్పుడు నేను పక్కనున్న గడ్డపార తీసుకున్నాను. "ఈ కాలితోనే గదరా కొలిచినావు" అన్నాను. రెండు చేతులా ఎత్తి ఆయన కుడి పాదం మీద దించాను. అడుగున నేల మెత్తన కాబట్టి ఒక్క దెబ్బకు తెగలేదు. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ దించాను. ఆయన నోట్లోంచి వచ్చిన కేక మనిషిది కాదు. కొండలో ఎక్కడో మళ్ళీ వినిపించింది.

మొదటి గుద్దు భయంతో కొట్టాను. దానికి కారణం ఉంది, పాడు కారణమే అయినా. కానీ ఈ గడ్డపార? ఎందుకు? పదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆయనకు తెలిసినది నాకు తెలియదనా? ఆ కాలు ఒక్కటే నా దొంగతనాన్ని పసిగట్టిందనా? ఇవన్నీ తర్వాత నేను కల్పించుకున్న సమాధానాలు. నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు బాగుంది. ఊరంతా నా వెనక ఉంది, చేతిలో ఇనుము ఉంది, కింద మనిషి ఉన్నాడు. నాకు బాగుంది. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన మాట నా దగ్గర లేదు.

మా నాయన దిగి వచ్చి నా చెంప మీద కొట్టాడు. "సచ్చిపోతాడు, ఇడ్సిపెట్టండి" అని అరిచాడు. తర్వాత అందరికీ వినపడేటట్టు, "రేపు పొద్దున బండలన్నీ ఎత్తి సూస్తాం. వాడు చెప్పింది నిజమైతే, జరిపినోడు ఎవుడైనా సరే, ఇదే బురదలో పండబెడతా" అన్నాడు. మా నాయన మాట మీద నిలబడే మనిషి. నేను ఆయన కొడుకును.

జీపులో వేసుకొని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. లక్షుమ్మ తండ్రి తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు చూడలేదు. డాక్టరు ఎట్లా జరిగిందని అడిగితే నేనే ముందుకొచ్చి, ట్రాలీ కింద పడ్డాడని చెప్పాను. డాక్టరు ఆ పాదం చూశాడు, నా వేలికి చుట్టుకున్న గుడ్డ చూశాడు, ఇంకేమీ అడగలేదు. చీలమండ దాకా తీసేయాలన్నారు. తీసేశారు. నేను అక్కడ లేను. అప్పటికే బస్సెక్కి ఊరికి వచ్చేశాను, నాకు పనుంది.

పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా కుంటకు పోయాను. ఎవరూ లేరు. ఊరు ఇళ్ళల్లో తలుపులేసుకొని కూర్చుంది. మా పశువుల కొట్టానికి పూయడానికి తెచ్చిన సున్నంలోంచి పిడికెడు సంచిలో వేసుకొని పోయాను. అదే గడ్డపార. నీటిగుంటలో దాన్ని కడిగి, బండ కిందికి దూర్చి ఎత్తాను. సున్నాన్ని బురదతో కలిపి మెత్తి, బండ దించాను. దాని మీద నిలబడి తొక్కాను. ఎంత జాగ్రత్తగా తొక్కానంటే, నా జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు.

పొద్దున మా నాయన ముందు నిలబడి బండలెత్తించాడు. నాలుగింటి కిందా సున్నం ఉంది. ఐదోదాని కిందా ఉంది. జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. మనం కొట్టింది న్యాయమే అని ఆ ఊపిరికి అర్థం. మా నాయన ముఖంలో కూడా బరువు దిగింది. నన్ను చూసి తల ఊపాడు. ఆ మనిషి మొన్నటేడు పోయాడు, కొడుకు కోపిష్టి కానీ దొంగ కాదనే నమ్ముతూ పోయాడు.

కేసు కాలేదు. నీరుగంటి పని ఓబులేసు ఇంటి నుంచి తీసేశారు, ఆ పనికి ఊరిచ్చిన ఎకరా పొలం కూడా తీసేసుకున్నారు. ఆసుపత్రి నుంచి ఆయన ఊళ్ళోకి రానే లేదు. లక్షుమ్మ ఒకతే వచ్చి గిన్నెలూ గుడ్డలూ మూట కట్టుకొని పులివెందులకు వెళ్ళిపోయింది. కుంట ఇప్పటికీ అట్లాగే ఉంది. వాన పడితే నిండుతుంది, పది దినాల్లో ఎండుతుంది. గొర్రెల మందలు సగం అమ్ముడుపోయాయి. ఊళ్ళో ఏ పని చెడినా 'ఓబులేసు కొలత' అంటారు ఇప్పుడు. అదొక సామెత అయిపోయింది. ఒకసారి టీ అంగడి దగ్గర ఒకడు ఆ మాట అని నవ్వితే వాణ్ణి ముక్కులోంచి రక్తం కారేదాకా కొట్టాను. ఎందుకు కొట్టానో వాడికి తెలియలేదు. ఓబులేసు మీద ఇంకా కోపం తగ్గలేదని ఊరు అనుకుంది.

నా చీనీ తోట సంగతి అడుగుతారేమో. జిగట మన్నుకూ పూడికకూ తేడా తెలియని రైతును నేను. చెట్ల మొదళ్ళలో ఆ మన్ను గట్టిగా పట్టేసింది, తడిపితే నీళ్ళు దిగవు, ఎండితే వేళ్ళను పట్టుకొని చీలుతుంది. రెండేళ్ళలో మొదళ్ళు కుళ్ళి బంక కారాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం గొడ్డలి తీసుకొని ఒక్కొక్కటే నరకడం మొదలుపెట్టాను. పచ్చగా ఉన్నవాటిని కూడా వదల్లేదు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. మా ఆవిడ వచ్చి గొడ్డలి పట్టుకుంటే ఆమెను తోసేశాను, మోడు మీద పడి నుదురు చిట్లింది. నష్టపోయిన రైతు బాధ అని అందరూ జాలిపడ్డారు. నేనేం చేసినా ఎవరో ఒకరు నాకు మంచి కారణం వెతికిపెడతారు. మా ఇంటి పేరుకు ఉన్న సౌకర్యం అది.

ఇదంతా చెప్పకుండానే చచ్చిపోయేవాణ్ణి. పోయిన నెల పులివెందుల బస్టాండులో జరిగింది లేకపోతే.

జమ్మలమడుగులో చంద్ర కూతురి పెళ్ళి. బస్సు కోసం నిలబడ్డాను. పక్కన టీ బండి. బండి వెనక స్టూలు మీద ఒక ముసలాయన అల్లం దంచుతున్నాడు. లుంగీ కింద ఒక కాలు చీలమండ దగ్గరే ఆగిపోయింది. నేను తల తిప్పుకొని నడవబోయాను. పిలిచాడు. దవడ వంకరగా అతుక్కుంది, మాట పక్కనుంచి వస్తుంది.

"అప్పా. నువ్వే గదా?"

"బాగుండావా ఓబులేసూ" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"ఉండాప్పా. కూసో. నీకో మాట చెప్పాల్నని శానా దినాల్నుంచి అనుకుంటాండా." రోకలి పక్కన పెట్టాడు. "ఆ దినం నేను బండ ఎవురో జరిపినారని అంటి. అది తప్పుప్పా. సున్నం ఉండెనంట గదా కింద. మా పాప చెప్పె. సున్నం ఉంటే బండ ఎవురూ జరపలేదనే గదా. నేనే తప్పు పెట్టినా. జిగట యాడుందో నా కాలికి తెల్కుండా పొయ్యింది."

నేను బస్సు వచ్చే దారి వైపు చూశాను.

"ఎన్నిసార్లు అనుకున్యానో. కూసుంటే అదే, పండుకుంటే అదే. కొమ్మ నాటింది, బండ కడిగింది, అన్నీ గెవనానికి వస్తాయి. ఆడ జిగట తగిలినట్టే ఉంటాది నాకు. కానీ సున్నం ఉండె గదా. ఊరి నోట్లో మన్ను గొట్టినా. మీ నాయన ఉన్నెప్పుడే వచ్చి చెప్పాలనుకుంటి, కుదర్లే. కొట్టినారు, కొట్టరా మరి. నువ్వన్నా మనసులో పెట్టుకోవాకుప్పా. నన్ను చమించు."

ఆయన స్టూలు మీంచి జారి, ఒంటికాలి మీద వంగి, నా పాదాలు పట్టుకున్నాడు. జనం చూస్తున్నారు. బండి దగ్గర టీ పోస్తున్న లక్షుమ్మ చెయ్యి ఆగిపోయింది.

వందసార్లు నేను ఆ క్షణాన్ని ఊహించుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆయన ఎదురుపడతాడు, తిడతాడు, ఉమ్ముతాడు, అప్పుడు నేను ఒప్పుకుంటాను అని. ఆయన తిడితే ఒప్పుకునేవాణ్ణేమో. ఆయన నా చేతికి ఇచ్చింది వేరు. నిజం చెప్పడానికి నాకు కావాల్సింది రెండు మాటలు. నోటిలోనే ఉన్నాయి. ఆయన వేళ్ళు నా పాదాల మీద ఉన్నాయి.

"పోనీలే ఓబులేసూ" అన్నాను. "అయిపోయినదానికి ఏముందిలే. నేను మనసులో పెట్టుకోలే."

ఆయన ముఖం తేటపడింది. నిజంగానే తేటపడింది, నాకు కళ్ళారా కనపడింది. లక్షుమ్మ వచ్చి తండ్రి చంకలో చెయ్యి వేసి లేపి, "ఇంగ చాల్లే నాయనా, లెయ్" అంది. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలియదు. ఆ పిల్లకు తెలుసా? తెలిసే ఊరుకుందా? తెలిసి చెప్పినా ఎవరు నమ్ముతారని ఊరుకుందా? బస్సు వచ్చింది. ఎక్కాను. పెళ్ళిలో రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను.

కాలు తీసినందుకు నాకు నిద్ర పట్టని రోజులున్నాయి. కానీ ఇది వేరు. ఆయనకు అరికాలిలో ఉన్న విద్య మూడు తరాలది. కాలు పోయినా అది మనసులో ఉండేది, నేను తప్పు చేయలేదన్న ఒక్క మాట పట్టుకొని ఆయన ఏ అరుగు మీదనైనా తలెత్తుకొని కూర్చునేవాడు. పిడికెడు సున్నంతో నేను దాన్ని కూడా తీసేశాను. పదేళ్ళు ఆయన తన మీద తానే తీర్పు చెప్పుకుంటూ అల్లం దంచాడు. చివరికి ఆ తీర్పు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెడితే, నేను పెద్దమనసు చేసుకొని ఆయన్ని క్షమించాను.

అందుకని మిమ్మల్ని నేను క్షమించమని అడగను. ఆ మాట ఎంత సులువుగా నోటికి వస్తుందో నాకు తెలుసు. రేపు పులివెందులకు పోయి టీ బండి ముందు నిలబడి ఇదంతా చెప్తానని కూడా మీకు మాట ఇవ్వను. ఇస్తే మీరు నన్ను కొంచెం మంచివాడనుకుంటారు, అది నాకు వద్దు. పోతే పోతాను, లేకపోతే ఇంకా పిరికివాడిగానే ఉన్నానని అర్థం.

ఇప్పుడే రాసిందంతా మొదటినుంచి బయటికి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. బండ జరిపింది నేను, సున్నం పెట్టింది నేను అన్నచోట ఆగిపోయాను, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. రెండోసారి ఆగలేదు. పదేళ్ళలో ఆ మాట మనిషి గొంతులో పలకడం అదే మొదలు. ఛాతీ మీది నుంచి ఏదో కొంచెం జరిగినట్టుంది. ఊపిరి ఆడుతోంది.